గోడలకు కట్టిన గొంగళ్లు

కొత్త మందిరంలో యోహాను మొదటిసారి వాక్యం చెప్పిన ఆదివారం, అతని తల్లి బిక్షమ్మ తెల్లవారకముందే లేచి తలస్నానం చేసి, చేల గట్ల మీదుగా నడిచి వచ్చి అందరికంటే ముందు నేల మీద కూర్చుంది. బెంచీలు ఉన్నాయి గాని అవి చదువుకునేవాళ్ల కోసమని ఆమె అనుకుంది. చల్లటి షాబాదు బండల మీద కాళ్లు ముడుచుకుని, తల పైకెత్తి ఆ ఇంటి ఎత్తును చూసింది.

మక్తల్ దాటి నారాయణపేట పోయే బాటలో, ఒక నల్లరాతి గుట్ట పక్కన ఉండేది ఆ మిషన్ ట్రైనింగు కాలేజీ. బడిపంతుళ్లను తయారుచేసే చోటు. అంతకుముందు అక్కడ ప్రార్థనలు ఒక మట్టిగోడల కొట్టంలో జరిగేవి. మొదట తాటికమ్మల కప్పు, ఆ తర్వాత పెంకులు. వానాకాలం వస్తే పిల్లలు పుస్తకాలు ఒళ్లో దాచుకుని కురవని మూల చూసుకుని కూర్చునేవారు. కాలేజీకి పెద్దగా ఉన్న తెల్లదొర, తన దేశంలో తాను చదువుకున్న విశ్వవిద్యాలయంలోని మందిరాన్ని మనసులో పెట్టుకుని, అటువంటిదే ఇక్కడ కట్టాలని నక్షా గీశాడు. నైజాం పాలన పోయాక పునాది పడింది. గుట్ట రాయే కొట్టి తెచ్చి గోడలు లేపారు. కిటికీలు సన్నగా, పొడుగ్గా, కొసన రెండు అరచేతులు జోడించినట్టు ఉండేవి. కప్పు చదును కాదు; బోర్లించిన పడవలాగా ఈ కొస నుంచి ఆ కొసకు ఒకటే కమాను. లోపలి గోడలకు గచ్చు చేసి, నీడ కనిపించేదాకా గులకరాళ్లతో రుద్దారు. ఆ రుద్దుడు పనికి చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు వచ్చారు. అందులో బిక్షమ్మ కూడా ఉంది.

కప్పు పూర్తికాకముందే దొర ఆరోగ్యం చెడి తన దేశం వెళ్లిపోయాడు. రాష్ట్రాలు కలిశాక గుంటూరు వైపు నుంచి దైవసహాయం గారు ప్రిన్సిపాల్‌గా వచ్చారు. ప్రార్థనలు నడిపే పని, దొర తర్వాత, అదే కాలేజీలో తెలుగు చెప్పే యోహానుకు అప్పజెప్పారు. పటేలు దగ్గర పాలేరుగా జీతమున్న మనిషి కొడుకు ఆ వేదిక ఎక్కడం ఆ ప్రాంతంలో చిన్న సంగతి కాదు.

ఆ ఆదివారం, యాభై ఎనిమిదో సంవత్సరం మొదట్లో, పాటల టీచరు రిబ్కమ్మ ముందు నిలబడి చెయ్యి ఎత్తింది. పిల్లలు పాట అందుకున్నారు. ఆ పాట పైకి పోయి, కమాను కింద తిరిగి, పాడినవాళ్ల కంటే ఎక్కువమంది పాడినట్టు కిందికి దిగింది. పెద్దమనుషులు కళ్లు తుడుచుకున్నారు. తన చెయ్యి దించాక కూడా పాట వినిపిస్తూనే ఉంటే రిబ్కమ్మ నోరు తెరిచి అట్లాగే నిలబడిపోయింది.

తర్వాత యోహాను లేచాడు. "ప్రియులారా" అన్నాడు. ఆ మాట వెనక గోడకు తగిలి తిరిగి వచ్చేసరికి అతను ఇంకో మూడు మాటలు అనేశాడు. అన్నీ కలిసి బావిలోకి అరిచినట్టు ఒకటే హోరు అయ్యాయి. అతను గొంతు పెంచాడు. హోరు పెరిగింది. ముఖాలన్నీ అతని వైపే ఉన్నాయి, భక్తిగా ఉన్నాయి, కాని ఏ ముఖంలోనూ మాట చేరిన గుర్తు లేదు.

అయిపోయాక తల్లి దగ్గరికి పోయాడు.

"ఎట్లుండె అమ్మా?"

"మస్తుండె బిడ్డా."

"ఏం చెప్పిన్నో ఇన్నవా?"

బిక్షమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. అబద్ధం ఆడటం ఆమెకు చేతకాదు. "నీ గొంతు ఇన్న కొడుకా. గొంతు మంచిగుండె. మాటలే ఇనరాలె."

ఆ తర్వాతి ఆదివారాలు అట్లాగే గడిచాయి. దైవసహాయం గారు మంచి మనిషే. ఒకరోజు పక్కకు పిలిచి నెమ్మదిగా చెప్పారు. "కాస్త గట్టిగా మాట్లాడండి యోహాను గారూ. పదాలు విడివిడిగా పలకండి. మీ వైపు యాస ఉంది చూశారూ, అది మాటను మింగేస్తుందండీ."

యోహాను గట్టిగా మాట్లాడాడు. పుస్తకాల తెలుగులో మాట్లాడాడు. ఒక మాట అని, అది చల్లారేదాకా ఆగి ఇంకో మాట అన్నాడు. అప్పుడు వెనక వరుస పిల్లలు నవ్వు ఆపుకోలేకపోయారు. మక్తల్ నుంచి పెళ్లిళ్లకు పెట్టే మైకు తెప్పించారు. దానితో బయట చెట్ల మీది పిట్టలు లేచిపోయాయి తప్ప లోపల ఒక్క ముక్క అర్థం కాలేదు. నల్లగొండ నుంచి పేరున్న బోధకుడు ఒకాయన వచ్చి గంటసేపు గర్జించి వెళ్లాడు. అందరూ "ఏం గొంతు, ఏం గొంతు" అన్నారు. యోహాను కాలేజీ వాచ్‌మన్ బక్కయ్యను అడిగాడు.

"ఏం చెప్పిండు బక్కయ్యా?"

"ఏమో అయ్యగారూ. గని దబాయించి చెప్పిండు."

యోహానుకు నవ్వు వచ్చింది, వెంటనే పోయింది. ఆ బోధకుడి మాటలూ ఎవరికీ అందలేదు, కాని తప్పు ఎవరూ ఆయన మీద పెట్టలేదు. తన దగ్గరికి వచ్చేసరికి, "దొర ఉంటే గిట్లుండకపోవు" అంటున్నారు. అన్నది పరాయివాళ్లు కాదు, తన పేటవాళ్లే. వినగా వినగా యోహానుకు కూడా అది నిజమేమో అనిపించసాగింది. తన తండ్రి పటేలు గడప బయట నిలబడి, కింద చూస్తూ, గొంతు లోపలే మాట్లాడేవాడు. తాత కూడా అంతే అయి ఉంటాడు. ఇన్ని తరాలు తగ్గించి మాట్లాడిన గొంతు ఇంత పెద్ద ఇల్లు నింపాలంటే ఎట్లా నింపుతుంది? ఈ కమాను దొరల గొంతుకు కొలిచి కట్టిందేమో. తమది పాత కొట్టానికి సరిపోయే గొంతేమో.

వాక్యం చెప్పే సమయాన్ని తగ్గించి పాటల సమయాన్ని పెంచాడు. ఏడాది తిరిగాక ప్రిన్సిపాల్ దగ్గరికి పోయి, పాఠాలు చెప్పుకుంటాను, ప్రార్థనలు ఇంకెవరికైనా అప్పజెప్పండి అన్నాడు. దైవసహాయం గారు "వేసవి సెలవుల దాకా ఆగండి, చూద్దాం" అన్నారు.

ఆ మార్చిలోనే వడగళ్లతో రాళ్లవాన పడింది.

ఆదివారం సాయంత్రం ప్రార్థనకు ఇంకా గంట కొట్టలేదు. బిక్షమ్మ ముందే వచ్చి లోపల కూర్చుని ఉంది. మధ్యాహ్నమంతా ఉక్క పోసి, పడమర నుంచి పసుప్పచ్చ మబ్బు లేచి, ఒక్కసారిగా రాళ్లు మొదలయ్యాయి. కాలేజీ పక్క బీడులో మంద పెట్టుకున్న కురుమలు గొర్రెలను తోలుకుని ఆవరణలోకి పరుగెత్తుకొచ్చారు. దగ్గర్లో పెద్ద నీడ మందిరం ఒక్కటే. బక్కయ్య తలుపు అడ్డం నిలబడ్డాడు.

"గొర్లను గుడిలకు తోల్తరా? మీకు పైత్యమెక్కిందా?"

యోహాను అతణ్ణి పక్కకు జరిపి రెండు రెక్కలూ బార్లా తీశాడు. గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ లోపలికి దూరాయి. వాటితోపాటు గోపమ్మ, ఈననున్న గొర్రెను చేతుల్లో మోసుకుంటూ, ఎవరి వైపూ చూడకుండా వచ్చి వెనక మూలన దింపి దాని పక్కన కూలబడింది. ఆమె వెనక మిగతా ఆడవాళ్లు, పడుచువాళ్లు. ఆమె భర్త బీరన్న, ఆ మందకు పెద్ద, గడప బయటే ఆగిపోయాడు. గొంగడి తల మీదికి లాక్కుని గోడకు ఆనుకున్నాడు. రాళ్లు అతని మోకాళ్లకు తగులుతున్నాయి.

"లోపటికి రా బీరన్నా" అన్నాడు యోహాను.

"మేం ఈడనే ఉంటం సారూ. గొర్లను జర ఉండనియ్యి, సాలు."

ఎందుకో అందరికీ తెలుసు. బిక్షమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు బీరన్న ఇంటి ముందుకు మజ్జిగ కోసం పోతే, బీరన్న తల్లి చెయ్యి తగలకుండా పైనుంచి పోసేది. సగం మోచేతుల మీదుగా నేల పాలయ్యేది. అది బిక్షమ్మకు గుర్తుంది. పక్కన ఆడుకుంటూ చూసిన బీరన్నకూ గుర్తుండే ఉంటుంది.

బిక్షమ్మ లేచి గడప దగ్గరికి వచ్చింది.

"నీ గొర్లు మా గుడిలకు వస్తయి, నువ్వు రావా బీరన్నా? తల పలిగితే గోపమ్మకు ఎవరు జవాబు చెప్తరు? రా లోపటికి."

బీరన్న ఆమె వైపు చూశాడు. ఆకాశం వైపు ఒకసారి చూసి, చెప్పులు విడిచి, తల వంచి లోపలికి వచ్చాడు.

గొంగళ్లు తడిసి బరువెక్కాయి. మంద చుట్టూ కట్టే మోకును ఈ కిటికీ ఊచల నుంచి ఆ కిటికీ ఊచలకు లాగి కట్టి, వాటిని ఆరవేశారు. మిగిలినవి దీపాల కొక్కేలకు, బెంచీల వీపులకు వేశారు. తెల్లటి గచ్చు గోడలు సగం దాకా నల్లగా అయిపోయాయి. తడి ఉన్ని వాసన, గొర్రెల వాసన కలిసి ఇల్లంతా నిండింది. బక్కయ్య ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని గంట కొట్టాడు. హాస్టలు పిల్లలు తడుచుకుంటూ వచ్చి గొర్రెల మధ్య దొరికిన చోట కూర్చున్నారు.

యోహాను రాసి పెట్టుకున్నది ఆ రోజు చెప్పాలనిపించలేదు. ఎదురుగా ఉన్నవాళ్లలో సగంమంది అతని దేవుడి మనుషులు కారు. వాళ్లను వదిలేసి మాట్లాడటం మర్యాద కాదనిపించింది. వేదిక ఎక్కకుండా కిందే నిలబడి, ఇంట్లో మాట్లాడినట్టు మొదలుపెట్టాడు.

"గీ గోడల రాయి యాడికెళ్లి వచ్చిందో మీకు ఎరుకేనా? మన గుట్టదే. దొర తన దేశంల కెళ్లి నక్షా తెచ్చిండు గని రాయి తేలె. బీరన్న తాతలు మంద పెట్టిన గుట్టనే కొట్టి కట్టినం. గచ్చు మా అమ్మ రుద్దింది. అందుకని ఇయ్యాల మీరు పరాయింటికి రాలేదు…"

అక్కడికి వచ్చేసరికి అతను ఆగిపోయాడు. ఏదో తేడాగా ఉంది. తన మాట తన దగ్గరికి తిరిగి రావటం లేదు. అన్నది అన్నచోటే ఉండిపోతోంది. బయట రాళ్లు తగ్గి సన్నటి వాన పడుతోంది, ఆ చప్పుడు కూడా విడిగా వినిపిస్తోంది. తల్లి ముఖం చూశాడు. ఆమె నోరు కొంచెం తెరిచి, అతని పెదవులను కాక అతని కళ్లను చూస్తోంది.

"ఇనొస్తాంది బిడ్డా" అంది బిక్షమ్మ పైకే. "చెప్పు."

యోహాను చెప్పబోయేంతలో వెనక నుంచి బీరన్న గొంతు వినిపించింది.

"సారూ, గుట్టకు ఉత్తరం దిక్కు పెద్దబండ ఉండె, ఎరుకేనా? దాని కింద ఊట ఉండె. ఎండాకాలంల కూడ గొర్లు తాగేటియి. బండ కొట్టుకపోయినంక ఊట ఎండిపాయె."

అతను నింద వేస్తున్నట్టు అనలేదు. గుట్ట సంగతి వచ్చింది కాబట్టి తనకు తెలిసింది కలిపాడు, అంతే. యోహాను అక్కడే నాలుగేళ్లు రాయి మోసే బండ్లను చూశాడు. ఊట సంగతి ఎప్పుడూ వినలేదు.

"నాకు తెల్వదు బీరన్నా" అన్నాడు. "ఎవరూ చెప్పలె."

"ఎవరడిగిండ్రు?" అన్నాడు బీరన్న మామూలుగా.

ఆ సాయంత్రం ప్రార్థన చిన్నదిగా ముగిసింది. మర్నాడు బక్కయ్య గొణుక్కుంటూ నేలంతా కడిగాడు. గోపమ్మ గొర్రె ఆ రాత్రే ఈనిందని, పిల్ల బాగుందని కబురు వచ్చింది.

తర్వాతి ఆదివారం హోరు యథాప్రకారం తిరిగి వచ్చింది. కొందరు ఆ రోజు జరిగింది మహిమ అన్నారు. బక్కయ్య, వానకు గాలి బరువెక్కింది గనక అన్నాడు. యోహాను మధ్యాహ్నాలు ఖాళీ మందిరంలోకి పోయి ఒంటరిగా చప్పట్లు కొట్టి వినటం మొదలుపెట్టాడు. ఆ రోజు ఉన్నవేమిటి? గొర్రెలు, వాన, కిక్కిరిసిన జనం, గొంగళ్లు. గొర్రెలను, వానను మళ్లీ తేలేడు. జనం దసరా సెలవుల ముందు కూడా కిక్కిరిసే ఉన్నారు, అప్పుడు హోరు తగ్గలేదు. బక్కయ్య గొంగడి అడిగి తెచ్చి, ఒక మూల గోడకు కట్టి, దాని ముందు చప్పట్లు కొట్టాడు. చప్పుడు అక్కడ కొంచెం మెత్తబడినట్టు అనిపించింది. నిజమో, తన ఆశో తెలియలేదు. పిల్లలను అడిగి హాస్టలు బొంతలన్నీ తెప్పించి గోడల మీద వేలాడదీశాడు. ప్రిన్సిపాల్‌ను పిలిచి వెనక గోడ దగ్గర నిలబెట్టి, తాను ఇటు కొసకు వచ్చి నెమ్మదిగా అడిగాడు.

"సార్, వినిపిస్తోందా?"

దైవసహాయం గారు అక్కణ్ణుంచే, గొంతు పెంచకుండా అన్నారు. "మీ యాసను అన్నాను. క్షమించండి."

కాని బొంతలు పిల్లలు కప్పుకోవాలి. గోడలకు గొంగళ్లు కడదామని యోహాను అనగానే ఆయన ముఖం మారింది. "ప్రార్థన మందిరానికి గొర్రెబొచ్చు కంబళ్లా? చూసినవాళ్లు ఏమంటారండీ? ఇంత కష్టపడి కట్టిన గోడలను దాచేస్తామా?" తెరలకు పట్టుబట్ట గురించి హైదరాబాదులో విచారిస్తానన్నారు. విచారించి, ధర విన్నాక ఆ మాట మళ్లీ ఎత్తలేదు. కొన్నాళ్లకు ఆయనే, "మీ కురుమవాళ్లను అడిగి చూడండి" అన్నారు.

యోహాను బీరన్న ఇంటికి పోయాడు. వాకిట్లో నిలబడి పిలిచాడు. ఆ వాకిలి దాటి లోపలికి పోవచ్చో లేదో అతనికి తెలియదు. గోపమ్మ బయటికి వచ్చి చూసి, లోపలికి పోయి ఒక గొంగడి తెచ్చి అరుగు మీద పరిచింది. "కూసో సారూ" అంది. యోహాను కూర్చున్నాడు. ఎదురింటివాళ్లు చూస్తున్నారు. వాళ్లు చూడటాన్ని గోపమ్మ గమనించి, అక్కడే నిలబడి కొప్పు సర్దుకుంది.

బీరన్న అంతా విని తల అడ్డంగా ఊపాడు.

"గొంగడి అంటే నీకు కప్పుకునేది సారూ. మాకు బీరప్పను కూసోబెట్టే జాగా. పండుగకు గొంగడి పరిచినంకనే దేవుడు వస్తడు. దాన్ని తీస్కపోయి వేరే దేవుని గోడకు ఎట్ల కడ్త?"

యోహాను వాదించటానికి రాలేదు. బీరన్న మాటలో తప్పు కూడా కనిపించలేదు. లేచి వస్తానని చెప్పబోతుంటే గోపమ్మ అంది.

"దేవునికి పరిచేది వేరేనె ఉంటది గద. వానకు కప్పుకునేది వేరేనె. మంద పెట్టేటోళ్లకు అమ్ముతలేమా, ఊరోళ్లకు ఇస్తలేమా? గోడకు కట్టేది కొత్తది నేద్దం. అది ఇంకా ఏ దేవుంది గాదు."

బీరన్న ఆలోచించాడు. "నేస్తం" అన్నాడు చివరికి. "గని నాదొక మాట సారూ. ఊట పోయినంక ఎండాకాలం గొర్లు నీళ్లకు మస్తు దూరం నడుస్తున్నయి. మీ కాలేజీ బాయి కాడ నీళ్లు పెట్టనియ్యి."

ఈ మాట తీసుకుని యోహాను ప్రిన్సిపాల్ దగ్గరికి పోయాడు. బావి నీళ్లు పిల్లలకే చాలవని కమిటీ పెద్దలు కొందరు అడ్డం చెప్పారు. ఇంకొందరు, తమను ఒకప్పుడు బావి దరిదాపులకు రానివ్వనివాళ్లకు ఇప్పుడు తమ బావి ఇవ్వడమేమిటని కోపం చేశారు. ఆ కోపాన్ని యోహాను కాదనలేకపోయాడు. తనలోనూ అది ఎక్కడో ఉంది. "వాళ్లు చేసిందే మనమూ చేద్దమంటే, గా మాట గుడిల నిలబడి చెప్పుండ్రి. గొంగడ్లు కట్టినంక అందరికి ఇనొస్తది" అన్నాడు. ఎవరో నవ్వారు, దాంతో గది కొంత తేలికపడింది. చివరికి బావికి కొంచెం దూరంగా, గోడలు కట్టగా మిగిలిన రాళ్లతో గొర్రెలకు ఒక తొట్టి కట్టించారు.

వానాకాలమంతా కురుమవాడలో మగ్గాలు ఆడాయి. గోపమ్మ, ఆమె ఆడబిడ్డ గుర్వమ్మ ఉన్ని వడికారు. నేసిన దానికి చింతగింజల గంజి పట్టించి, ఎండలో బిగించి ఆరబెట్టారు. దసరా వెళ్లాక బండి మీద తెచ్చారు. బీరన్న స్వయంగా నిచ్చెన ఎక్కి, వెనక గోడకు పూర్తిగా, పక్క గోడలకు కిటికీల మధ్య మధ్య వాటిని కట్టించాడు. నల్లటి ఉన్ని, అంచుకు సన్నటి తెల్ల గీత.

ఆ ఆదివారం మొదట పాట పాడారు. పాట మామూలుగా ఉంది. పిల్లలు పాడినంత మేరకే ఉంది. రిబ్కమ్మ చెయ్యి దించగానే ఆగిపోయింది. ఆమె తన చోటికి పోయి కూర్చుని, ప్రార్థన అయిపోయేదాకా తల ఎత్తలేదు.

బయట యోహాను ఆమె దగ్గరికి పోతే, ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. "మీకు మాట వచ్చింది అయ్యగారూ. నా పాట పోయింది. ఇంకెప్పుడూ అట్లా పాడలేం" అంది. అతను వేదికకు దగ్గరగా పక్క గోడలకున్న గొంగళ్లను తీసేద్దామన్నాడు, పిల్లలను అక్కడ నిలబెట్టమన్నాడు. అట్లాగే చేశారు. కొంచెం మెరుగుపడింది, మునుపటిలా మాత్రం కాలేదు. రిబ్కమ్మ పదవీ విరమణ దాకా అక్కడే పాట నేర్పింది, ఎప్పుడూ ఫిర్యాదు చేయలేదు. కాని వేసవిలో గొంగళ్లను దులపడానికి దించిన రోజుల్లో, ఆమె ఒక్కతే తలుపు వేసుకుని లోపల పాడుకుంటుందని పిల్లలు చెప్పుకునేవారు.

బిక్షమ్మ మొదటిసారి మొదటి నుంచి చివరిదాకా విన్న ప్రసంగం ఆ రోజుదే. కొడుకు అడగకముందే చెప్పింది.

"అంత ఇనొచ్చింది బిడ్డా. ఒక్క ముక్క పోలె." కొంగు దులుపుకుంది. "జర పొడుగైంది. మధ్యల చెప్పింది నీకే సమజ్ కానట్టున్నది."

యోహాను ముఖం వేడెక్కింది. ఆమె అన్నది నిజం. ఆ మధ్య భాగం దొర వదిలిపోయిన ఇంగ్లీషు ప్రసంగాల్లోంచి తీసి తెలుగు చేసిందే. ఇన్నాళ్లూ మాటలు వినిపించక బాధపడ్డాడు గాని, వినిపిస్తే అవి ఎట్లాంటి మాటలో తాను చూసుకోలేదు. హోరు అతణ్ణి ఏడిపించింది, అతణ్ణి కప్పి కూడా ఉంచింది. ఇప్పుడు దాక్కోవటానికి చోటు లేదు.

అప్పటినుంచి అతను రాసే పద్ధతి మారింది. రాసింది ముందు తల్లికి చదివి వినిపించేవాడు. ఆమె పొయ్యి ఊదుతూనో బియ్యం ఏరుతూనో వినేది. ఏదైనా అతకని మాట వస్తే చెయ్యి ఆగిపోయేది. అతను అక్కడ కొట్టేసేవాడు.

అరవై ఒకటిలో దొర చదువుకున్న విశ్వవిద్యాలయం నుంచే ఒక దొరసాని కాలేజీని చూడటానికి వచ్చింది. ప్రిన్సిపాల్ ఆమెను మందిరంలోకి తీసుకుపోతూ, గొంగళ్లకు సంజాయిషీ సిద్ధం చేసుకున్నారు. ఆమె లోపలికి వచ్చి, కమానును, కిటికీలను చూసి, అచ్చం మా మందిరమే అని మురిసిపోయింది. గొంగళ్ల సంగతి అడిగింది. యోహాను చెప్పాడు. ఆమె నవ్వింది. తమ దగ్గర కూడా లోపల ఎవరు మాట్లాడినా ఒక్క ముక్క వినిపించదట. తాను చదువుకున్నంత కాలమూ పాటల కోసమే వెళ్లేదట. మాటలు ఎవరూ పట్టించుకునేవాళ్లు కారట.

"మరి దొరగారు మాకు ఆ సంగతి చెప్పలేదే" అన్నారు దైవసహాయం గారు నివ్వెరపోయి.

"ఆయనకు ఆ పాటలంటే ప్రాణం అయి ఉంటుంది" అంది ఆమె.

యోహానుకు ఆ రాత్రి దొర మీద కోపం రాలేదు. దూరదేశంలో ముసలితనం దాకా ఉండి, చిన్ననాడు విన్న పాటను ఈ గుట్ట కింద మళ్లీ వినాలనుకున్న మనిషి ఒకడు ఆ దొరలో కనిపించాడు. వినకుండానే వెళ్లిపోయాడు. రిబ్కమ్మ ఒక్కతే కొన్నాళ్లు దాన్ని విన్నది.

ఆ మరుసటి ఆదివారం యోహాను కరువు గురించి చెప్పాడు. వానలు వరుసగా వెనకబడుతున్న రోజులు. దేవుడు చూస్తున్నాడని, ఓపిక పట్టాలని అన్నాడు. మధ్య వరుసలో ఎల్లస్వామి అనే ముసలి కూలి లేచి నిలబడ్డాడు. ఆ మందిరంలో ప్రసంగం మధ్య ఎవరూ అట్లా లేవలేదు.

"అయ్యగారూ, తప్పుగ అనుకోవద్దు. సూస్తున్నడంటివి. సూసేటోడు ఎందుకు ఊకుంటున్నడు?"

ప్రిన్సిపాల్ కుర్చీలో కదిలారు. యోహాను చేతిలోని కాగితం చూశాడు. అందులో దీనికి జవాబు లేదు. తల్లి వైపు చూశాడు. ఆమె కూడా జవాబు కోసమే చూస్తోంది.

"నాకు ఎరుక లేదు తాతా" అన్నాడు. "నేను గూడ గదే అడుగుతున్న."

ముసలాయన తల ఊపి కూర్చున్నాడు. పక్క వరుసలో ఒకామె, ఎండిపోయిన తమ చేల సంగతి చెప్పటం మొదలుపెట్టింది. ఆమె తర్వాత ఇంకొకరు. ఎవరూ గొంతు పెంచలేదు. యోహాను వేదిక దిగి, తల్లి పక్కన బండల మీద కూర్చుని వినసాగాడు.